చెంబులో తూనీగ

నా చిన్నప్పటి ఆ శుక్రవారానికి తేదీ వేయలేను. డైరీ రాసే అలవాటు నాకు ఆ తరువాత చాలా ఏళ్లకు వచ్చింది. గణపతి నిమజ్జనం అయిపోయిందనీ, బతుకమ్మ ఇంకా రాలేదనీ మాత్రం గట్టిగా చెప్పగలను. మడుగు దగ్గరికి వెళ్లినవాళ్లం ముగ్గురం: మా తాతయ్య, పక్కింటి అక్క, నేను. మా చెల్లె ఇంట్లో చాప మీదే ఉంది. అయినా మేము వెళ్లింది ఆమె కోసమే కనుక ఆమెను కూడా వచ్చినవాళ్లలోనే కలుపుకుంటున్నాను.

ఇది రాస్తున్నది రెండువేల సంవత్సరం దాటాక. ఇప్పుడు ముంబై పక్కన మా భివండిలో కరెంటు కోతల వల్ల ఏ పూట మరమగ్గాలు ఆగుతాయో, ఏ పూట నడుస్తాయో ఎవరికీ తెలియదు. ఆగిన మరుక్షణం ఊరంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టు అవుతుంది. పనివాళ్లు బయటికి వచ్చి గోడలకు ఆనుకుని కూర్చుంటారు, సేట్లు కరెంటువాళ్లను తిట్టుకుంటారు. గుమాస్తా పని నుంచి దిగిపోయి ఇంటిపట్టున ఉన్న నాకు తిట్టుకోవలసిన అవసరం లేదు. కుర్చీ గుమ్మంలోకి లాక్కుని ఆ నిశ్శబ్దంలో కూర్చుంటాను. అందులో నాకు మొట్టమొదట వినిపించేది తూనీగ రెక్కల చప్పుడు. అది నిజంగా ఉండదని నాకు తెలుసు.

నా చిన్నతనంలో మగ్గాలు వారానికి ఒక్క శుక్రవారమే ఆగేవి. మా గది వెనక గోడే కార్ఖానా గోడ. కరీంనగర్ వైపు పల్లెలో చేతిమగ్గం వదిలి వచ్చిన మా తాతయ్య, ఆయన వెంట మా నాన్న, ఇద్దరూ ఆ గోడ అవతలే నేసేవారు. పగలూ రాత్రీ మాకు గోడ వణుకుతూనే ఉండేది. ఆ మోతలో మాటలు వినపడవు కనుక వరుస గదుల మా చాల్‌లో అందరూ పెదవులు చూసి, చేతులు చూసి మాట్లాడుకునేవారు. లేదంటే అరుచుకునేవారు. శుక్రవారం మోత ఆగినా అరుపు మాత్రం ఆగేది కాదు. చంటిపిల్లలకు ఆ రోజు నిద్ర పట్టేది కాదు. మగ్గం చప్పుడే వాళ్ల జోలపాట. అది ఆగితే తల్లి ఒడిలో నుంచి జారినట్టు ఉలిక్కిపడి లేచేవారు.

మా చెల్లెకు అప్పుడు ఆరేళ్లు. వానాకాలం మధ్యలో దానికి టైఫాయిడ్ వచ్చింది. వారాల తరబడి కాగి, చివరకు జ్వరం విడిచింది గానీ పిల్ల లేవలేదు. గోడవైపు తిరిగి పడుకునేది. జావ పట్టిస్తే పెదవుల చివరి నుంచి కారిపోయేది. డాక్టరు వచ్చి చూసి, జబ్బు పోయింది, ఇక తనంతట తాను లేచి కూర్చోవాలి, తినాలి, లేకపోతే కాళ్లు పట్టు తప్పుతాయి, ఆ పైన మందులతో పని ఉండదు అని చెప్పి వెళ్లాడు. ఆ చివరి మాటకు అర్థం ఏమిటని నేను అడిగితే మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

అందరం దాన్ని బతిమాలేవాళ్లం. లేస్తావా అని ఒకరు, ఒక్క బుక్క తింటావా అని ఒకరు. మా నాయనమ్మ దిష్టి తీసింది. నాన్న నాలుగు రోడ్లు కలిసే నాకా దగ్గరి దుకాణం నుంచి బిస్కట్లు తెచ్చాడు. దేనికీ అది తల తిప్పలేదు. ఒక్కసారి మాత్రం, ఆకాశంలో తూనీగలు మందలు మందలుగా తిరుగుతున్నాయని నేను ఊరికే చెబుతుంటే, గోడవైపు నుంచే సన్నగా, "ఎర్రదున్నదా?" అని అడిగింది. అంతే. మా తాతయ్య గుమ్మంలో కూర్చుని ఆ మాట విన్నాడు.

ఆ శుక్రవారం తెల్లవారక ముందే నన్ను లేపాడు. బడి నాకు మధ్యాహ్నం పూట. జొన్నరొట్టె మూట, ఇత్తడి చెంబు పట్టుకుని బయలుదేరాం. పక్కింటి అక్క కూడా వెంటపడింది. ఆమెకు పద్నాలుగో పదిహేనో ఉంటాయి. నోరు పెద్దది, చేయి చురుకైనది. తెగిన పోగులకు ముడి వేయడంలో మా చాల్‌లో పెద్దవాళ్లు కూడా ఆమెకు సాటి రారు.

ఇప్పుడు శాంతినగర్ అని పిలిచే చోట సందు సందుకూ కార్ఖానాలే. అప్పుడు అక్కడ వరిచేలు. చేల చివర, గట్టు దిగితే, తుంగ మొలిచిన ఒక నీటి మడుగు. మేము చేరేసరికి మంచు ఇంకా లేవలేదు. నీళ్లు ఎక్కడ ఆగాయో, మంచు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. మోత లేని ఊరు వెనక ఎక్కడో ఉందనే గుర్తు కూడా లేదు. వరికంకుల మీద నుంచి నీటిబొట్టు జారితే వినిపించింది. నా చెవులు నావి కానట్టుగా ఉంది. నేను నడుస్తున్నానా, ఎవరైనా నన్ను నీళ్ల మీదుగా మోసుకుపోతున్నారా అనిపించింది. తుంగ కొసలను పట్టుకుని తూనీగలు నిద్రపోతున్నాయి. ఒక్కోదాని రెక్కల మీద ఎవరో పూసలు గుచ్చినట్టు మంచు చుక్కలు.

"అగో! అక్కా, అగో!" అని కేక వేశాను.

"ఏందిరా గట్ల మొత్తుకుంటవ్?" అని అక్క నాకంటే గట్టిగా అరిచింది. "నీ కూతకు నాకా కాడ టాంగ గుర్రాలు బెదురుతయ్."

"ఇద్దరు నోరు ముయ్యుండ్రి," అన్నాడు తాతయ్య. "ఇది కార్ఖాన గాదు."

అప్పుడు మాకు అలవాటైన పద్ధతిలోకి దిగాం, చేతులతో మాట్లాడుకోవడం. అదిగో అక్కడ అని నేను చేయి ఊపాను, ఇటు రా అని అక్క చేయి ఊపింది. ఊపిన ప్రతిసారీ రెండు మూడు తూనీగలు లేచిపోయాయి. అరిచినప్పుడు కదలని తూనీగలు చేతుల నీడ పడగానే లేస్తున్నాయని తెలుసుకునేసరికి దగ్గరలో ఉన్నవన్నీ మడుగు అవతలికి చేరాయి. తాతయ్య నడుం మీద చేతులు పెట్టుకుని శబ్దం లేకుండా నవ్వాడు. ఆ తరువాత ముగ్గురం చేతులు ఒంటికి ఆనించుకుని, కళ్లతోనే దారి చూపించుకుంటూ, తుంగ వెంట ఒక్కొక్క అడుగూ వేశాం. మంచు పలచబడుతున్న కొద్దీ రంగులు బయటపడ్డాయి. పసుపువి, నీలంవి, నల్లచారలవి. ఎర్రది లేదు. ఎంతసేపు అలా నడిచామో నాకు తెలియదు. నాకు ఆకలి వేయలేదు, కాళ్లు నొప్పి పుట్టలేదు. ఆ మడుగు చుట్టూ ఎప్పటికీ అలాగే తిరుగుతూ ఉండవచ్చనిపించింది.

ఎర్రదాన్ని అక్కే చూసింది. పండు మిరపకాయ లాంటిది, ఎండిన కొమ్మ కొసన. మోకాళ్ల మీద పాకుతూ వెనక నుంచి వెళ్లి, రెండు వేళ్ల మధ్య రెక్కలు ఒడిసి పట్టింది. నేను గంతులు వేశాను. మా ఇళ్లలో ఎవరి మణికట్టుకు చూసినా నూలుపోగు ఒకటి చుట్టి ఉంటుంది. అక్క తన చేతి పోగు తీసి, తూనీగ తోకకు చుట్టి, కనురెప్ప పడే లోపల ముడి వేసింది. చెల్లె చేతికి పోగు ఇస్తే తూనీగ దాని చాప మీదే ఎగురుతుందని మా ఆలోచన.

ముడి అంటే మాకు తెలిసింది ఒక్కటే. మగ్గంలో తెగిన పోగును కలిపే ముడి. అది ఊడకూడదు, నేతను బిగించే పలక దెబ్బకు నిలవాలి, ఎంత లాగితే అంత బిగుసుకోవాలి. ఆ ముడిని మాకు మాటలతోపాటే నేర్పుతారు. జారే ముడి, వదులు ముడి అనేవి మా చేతులకు రావు.

తూనీగ ఎగిరింది. పోగు బిగిసింది. మళ్లీ ఎగరబోయింది, ముడి ఇంకా బిగిసింది. మూడోసారి లేచినప్పుడు తోక సగానికి తెగి, ఎర్రటి ముక్క పోగుతోపాటు అక్క చేతిలో మిగిలింది. మిగతాది నీళ్లలో పడి, ఒకటి రెండుసార్లు గిరగిరా తిరిగి ఆగిపోయింది.

అక్క నోట మాట లేకపోవడం నేను చూడడం అదే మొదటిసారి. చాలాసేపటికి, "తాతా, నేను గట్టిగ గుంజలే," అంది.

"నువ్వు గుంజలే బిడ్డ. మన ముడే గంత. దానికి పట్టుకునుడే ఎరుక, ఇడుసుడు ఎరుక లేదు."

ఎండ పైకి వచ్చింది. రెక్కలు ఆరిన తూనీగలు ఇక చేతికి చిక్కే స్థితిలో లేవు. నేను గట్టు మీద కూర్చున్నాను. ఇంటికి వెళ్లి చెల్లెకు ఏమి చెప్పాలి? వారాల తరువాత అది నోరు తెరిచి అడిగింది ఈ ఒక్కటే. ఇది కూడా లేదంటే ఇక అది ఏదీ అడగదని నాకు బలంగా అనిపించింది. ఏడుపు వచ్చింది.

తాతయ్య నన్ను ఊరడించలేదు. ధోవతి తొడల మీదికి ఎగదోపి మడుగులోకి దిగాడు. నాచు కింద చేయి పోనిచ్చి, దువ్వెనతో దువ్వినట్టు మెల్లగా లాగుతూ వచ్చాడు. గట్టు మీద పెట్టిన నాచులో బురదరంగు పురుగులు మూడు నాలుగు పాకుతున్నాయి.

అక్కకు నోరు తిరిగి వచ్చింది. "ఛీ! తేలు పిల్లల లెక్కున్నయ్. ఏంది తాతా గివి?"

"తూనిగలు."

"గివా! ఎండ తలకెక్కిందా నీకు?"

"నువ్వు పుట్టిననాడు నేను గూడ గట్లనే అన్న. గిది పిల్లనా అని."

తూనీగ పుట్టేది నీళ్లలోనేననీ, పల్లెలో వరిమడుల్లో చిన్నప్పుడు చూశాననీ చెప్పాడు. వాటిలో ఒకదాని వీపు మీద చిన్న మడతలు ఉబ్బి, ఇప్పుడో ఇంకాసేపటికో పగిలేలా ఉన్నాయి. దాన్ని ఒక్కదాన్ని ఉంచి మిగతావాటిని నీళ్లలో వదిలేశాడు. "ఇయ్యాలనో రేపో బయటికొస్తదనిపిస్తంది. రాకుంటె తెచ్చి ఇక్కడనే ఇడుద్దం," అన్నాడు. చెంబులో మడుగు నీళ్లు, కాస్త నాచు, నిలువుగా ఒక తుంగపుల్ల. చెంబు మీద తడిగుడ్డ. దారంతా ఆయన ఆ చెంబును చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుని నడిచాడు.

నేను మాత్రం చెల్లె ముందు ఎంత గొప్పగా చెప్పుకోవాలా అని మాటలు పోగుచేసుకుంటున్నాను. ఇంటికి వచ్చాక తాతయ్య నన్ను నోరు తెరవనివ్వలేదు. చాప పక్కన చెంబు దించాడు. ఇదిగో నీ కోసం తెచ్చామని గానీ, చూడు ఎంత బాగుందో అని గానీ అనలేదు. కార్ఖానాలో కొత్తగా చేరినవాళ్లకు పని అప్పజెప్పే గొంతుతో మాట్లాడాడు.

"ఇగో బిడ్డ. నీకొక పని. నాకు కండ్లు మసకలు, నాతోటి గాదు. ఈ పురుగు పుల్ల పట్టుకోని మీదికొస్తది. ఎప్పుడొస్తదో ఎరుక లేదు. రాంగనే నన్ను పిలువాలె. పుల్ల పడొద్దు. నిద్రవోతివా, కూలి కోస్త."

మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "పాణం బాగలేని పిల్లకు పని జెప్తవా మామా?"

"ముసలోనికి మతి వోయింది," అంది నాయనమ్మ.

తాతయ్య చెంబులో తుంగపుల్లను సరిచేసి పక్కకు జరిగాడు. ఆయన ఎందుకలా చేశాడో నాకు అప్పుడు అర్థం కాలేదు, ఆ తరువాత ఎన్నో ఏళ్లు ఆలోచించాక అర్థమైంది. మా ఇళ్లలో నడక వచ్చిన పిల్లకు ఏదో ఒక పని ఉంటుంది. అమ్మ రాట్నం మీద కండెలు చుడుతుంటే ఖాళీ కండెలు అందించడం చెల్లె పని. అది పడుకున్నాక ఆ పని నేను చేస్తున్నాను, దాని కళ్ల ముందే, దాని పీట మీదే కూర్చుని. ఇంటిల్లిపాదీ దానికి సేవ చేస్తున్నారు, అది ఎవరికీ ఏమీ చేయడం లేదు. గోడవైపు తిరగక ఎటు తిరుగుతుంది?

చాలాసేపటి తరువాత చాప మీద కదలిక వినిపించింది. చెల్లె ఇటు తిరిగింది. చెంబు అంచుకు ముక్కు ఆనించేంత దగ్గరగా వచ్చి, లోపలికి చూసింది.

"ఏం తింటది?" అని అడిగింది.

"ఇయ్యాల ఏం తినదు. నీలెక్కనే మొండిది," అన్నాడు తాతయ్య.

దానికి అది నవ్వలేదు. పని ఉన్నవాళ్ల ముఖం పెట్టి మళ్లీ చెంబులోకి చూసింది. నేను బడికి వెళ్లి వచ్చేసరికి అలాగే ఉంది. దీపం పెట్టే వేళకు అమ్మ జావ తెస్తే, కన్ను చెంబు మీది నుంచి తీయకుండానే నాలుగు గుక్కలు మింగింది. అమ్మ గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

మరునాడు తెల్లవారుజామున, "తాతా" అన్న పిలుపుకు మెలకువ వచ్చింది. ఎంత సన్నని పిలుపంటే, మగ్గాలు నడుస్తుంటే పక్కనే పడుకున్న నాకు కూడా వినపడేది కాదు. అందరం లేచి చెంబు చుట్టూ చేరాం. పక్కింటి అక్క కూడా జుట్టు విరబోసుకుని గుమ్మంలోకి వచ్చింది.

పురుగు నీళ్లు దాటి పుల్ల మధ్యకు ఎక్కింది. దాని వీపు చీలి ఉంది. ఆ చీలికలో నుంచి లేతగా, తెల్లగా ఒక ఒళ్లు సగం బయటికి వచ్చి, వెనక్కి వాలి, చచ్చినదానిలా వేలాడుతోంది. చాలాసేపు అంతే. పోయిందేమో అని నాయనమ్మ అనబోయింది. చెల్లె వేలు పెదవి మీద పెట్టుకుంది. ఉన్నట్టుండి ఆ ఒళ్లు ముందుకు లేచి, తన పాత తొడుగునే పట్టుకుని, తోకను లాక్కుని బయటపడింది. భుజాల మీద నలిగిన తడిగుడ్డ పీలికలు రెండు. అవి రెక్కలని నాకు తట్టలేదు. మేము చూస్తుండగానే, ఎవరో లోపలి నుంచి మడతలు విప్పుతున్నట్టు అవి సాగాయి. గుమ్మం వెలుగు వాటి గుండా ఇవతలికి వచ్చింది.

సరిగ్గా అప్పుడు గోడ అవతల మగ్గాలు మొదలయ్యాయి. తాతయ్యదీ నాన్నదీ ఆ వారం రాత్రి పాళీ కనుక, శుక్రవారం సెలవు ముగిసిన సంగతే మేము మరచిపోయాం. నేల అదిరింది. చెంబు గచ్చు మీద టకటకా కొట్టుకుంటూ జరగసాగింది, పుల్ల పక్కకు ఒరిగింది. ఇంకా ఆరని రెక్కలతో తూనీగ కూడా ఒరిగింది. నీళ్లలో పడితే ఇక అంతే. నేను చేయి చాచాను. తాతయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. అమ్మ ముందుకు వంగింది. ఆయన రెండో అరచేయి కిందికి తిప్పి చూపించాడు. కార్ఖానాలో దానికి అర్థం, నీది కాదు ఆ మగ్గం, వదిలేయి.

చెల్లె చాప మీద రెండు చేతులూ ఆనించింది. మోచేతులు వణికాయి. ఒకసారి కూలబడింది. మళ్లీ ఆనించి, గోడకు వీపు రాసుకుంటూ, లేచి కూర్చుంది. చెంబును నేల మీది నుంచి ఎత్తి ఒళ్లో పెట్టుకుని, మోకాళ్లతో అదిమి, పుల్లను వేలితో నిటారుగా పట్టుకుంది. నేల వణుకు దాని ఒంట్లోనే ఆగిపోయింది. చెంబులో నీళ్లు కదలలేదు.

ఆ మోతలో ఎవరూ మాట్లాడడానికి లేదు. అక్క గుమ్మంలో నుంచే పెదవులు కదిపింది: ఎర్రగ లేదేందే? నిజమే, అది ఎర్రగా లేదు. పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. చెల్లె ఆమె వంక ఏమీ తెలియనిదాన్ని చూసినట్టు చూసి, ఒక్కొక్క మాటా విడివిడిగా పెదవులతో పలికింది.

ఇది ఇంక కోరానే. రంగు ఎన్క ఎక్కుతది.

కోరా అంటే మగ్గం మీది నుంచి అప్పుడే దిగిన గుడ్డ, రంగు పడనిది. మా ఊళ్లో నేసేదంతా అదే. తాతయ్య తల వెనక్కి వాల్చి నవ్వడం చూశాను. ఆ నవ్వు నాకు వినిపించలేదు.

ఎండ గుమ్మం దాటి చాప దాకా వచ్చాక తూనీగ రెక్కలు ఒకసారి వణికించి, పుల్ల వదిలి, అక్క తల పక్క నుంచి బయటికి వెళ్లిపోయింది. దాని కాలికి గానీ తోకకు గానీ ఏ పోగూ లేదు. చెల్లె ఖాళీ తొడుగు పట్టుకున్న పుల్లను చూసుకుంది. తరువాత తాతయ్య వైపు తిరిగి పెదవులతో అడిగింది: ఇగ ఏం పని?

ఆయన అమ్మ చేతిలోని జావగిన్నె అందుకుని దాని ముందు పెట్టాడు. ఇదే పని, అని వేలితో చూపించాడు.

ఆ రోజు నుంచి నాకు ఒక అలవాటు మిగిలింది. జబ్బు పడినవాళ్లను చూడడానికి వెళ్తే పండ్లతోపాటు ఏదో ఒక పని కూడా పట్టుకెళ్తాను. చిక్కుపడిన నూలు ఉండ, తిరగని గడియారం, చదివిపెట్టమని ఒక ఉత్తరం. కొందరు నన్ను వింతగా చూస్తారు. మొన్నటి సంవత్సరం నా భార్యకు ఆపరేషన్ అయి, ఇంటికి వచ్చి, ఎవరు పలకరించినా కళ్లు మూసుకుని పడుకుంటుంటే, చేటలో పప్పు పోసి తెచ్చి మంచం మీద పెట్టాను. రాళ్లు ఏరిపెట్టు, నాకు కళ్లు మసకలు అన్నాను. ఒక్క నిమిషం చేట వైపు, ఒక్క నిమిషం నా వైపు చూసింది. ఆ తరువాత, నన్ను తిట్టడానికని లేచి కూర్చుంది.